ముందు నడచు చిన్న చక్రములు

సికింద్రాబాదు నుండి వాడి వరకు నిజాము రాజ్యమున 1874లో తెరువబడిన ఇనుపదారి మీదనే నేటి తెల్లాపూర్ స్టేషను కలదు. 2019లో ఇచ్చటినుండి రామచంద్రాపురము శాఖకు ఎం.ఎం.టి.ఎస్. అను నగరపు బండ్లు వచ్చినవి. ఆ బండి దారి చివరకు చేరినపుడు డ్రైవరు ఒక కొసనున్న గది విడిచి రెండవ కొసకు నడచిపోవును, వెనుక ముందగును. బండిని త్రిప్పవలసిన పనియే లేదు. ఆవిరి యింజనునకు ఈ సౌలభ్యము లేకుండెను. అందులకు కారణము చాలవరకు దాని చిన్న చక్రములలో నున్నది.

లాగు బలమంతయు కమ్ములచే జోడింపబడిన పెద్ద చక్రములది. అవి ఒకే చట్రమునకు బిగింపబడి యుండుటచే, పట్టాలు వంగినను తాము వంగజాలవు. మలుపులో ప్రవేశించిన తోడనే మొదటి పెద్ద చక్రపు అంచు వెలుపలి పట్టాను ఏటవాలుగ ఒరసి, అంతటి బరువును ప్రక్కకు మరల్చు భారమును దాదాపు తానొక్కటియే మోయును. పట్టా అరుగును, అంచు అరుగును, వేగము మితిమీరినచో చక్రము పట్టా నెక్కి క్రిందికి జారును. పెద్ద చక్రములకు ముందు, నడిమి చీల చుట్టు తిరుగు చిన్న చక్రముల చట్రము, అనగా బోగీ, నొకదాని నమర్చినచో, అది వంపులో మొదట తాను తిరిగి, ఇంజను ముక్కును మెల్లగ లోపలికి త్రోయును. తిన్నని దారిలోను దీని ఉపకారము తక్కువ కాదు: కుడి యెడమల పిస్టనులు మార్చి మార్చి త్రోయుటచే ఇంజను ముక్కు ఇటునటు ఊగుచుండగా, ఆ యూగును బోగీయే అణచును. 1832లో జాన్ జెర్విస్ అను అమెరికా ఇంజనీరు, తన దేశపు వంకర దారుల కోసము ఇట్టి బోగీ గల ఇంజనును నిర్మింపజేసెను.

మన బ్రాడ్‌గేజి డబ్ల్యు.పి. ఇంజనునకు ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ 1.7 మీటర్ల వ్యాసము గల పెద్దవి ఆరు, వెనుక రెండు. దానిని వెనుకకు నడిపినచో బొగ్గు, నీరు మోయు టెండరు ముందై చూపున కడ్డగును; బొగ్గుదుమ్ము కన్నులలో పడును; ఇంజనునకు దారి చూపుటకు మిగులునవి కొలిమి బరువు మోయుటకై పెట్టిన ఆ రెండు చక్రములే. కావుననే అట్లు నడచునపుడు వేగము తగ్గించెడివారు. ఇంజనును నిలువబెట్టి త్రిప్పు టర్న్‌టేబుళ్లు షెడ్డులలో అందులకే వెలసినవి. నగరపు బండ్ల కోసము చిత్తరంజనులో చేసిన డబ్ల్యు.టి. ఇంజనునకు మాత్రము టెండరు లేదు. ముందు రెండు, వెనుక నాలుగు చిన్న చక్రములుండుటచే అది ఇరుదిశల నడచెను. ఎం.ఎం.టి.ఎస్.లో ప్రతి పెట్టెకును ఇరుకొసల క్రింద తిరుగుడు బోగీలుండుటచే, దానికి ముందు వెనుకల భేదమే లేదు.

ఎచ్చటనైనను స్టేషను ముంగిట నిలిపిన పాత ఇంజను కనబడినచో, పాఠకులారా, పొగగొట్టము చూచి మరలిపోక, పిల్లలను వెంట నిలుపుకొని వంగి ఆ ముందరి చిన్న చక్రములను లెక్కింపుడు.