బొమ్మ రైలు: అమెరికా ప్రదర్శనశాల, ఏటికొప్పాక లేతు, నౌపడా సన్నపట్టాలు

తెలుగులో ‘బొమ్మ రైలు’ అన్న ఒక్క మాట మూడు వేర్వేరు వస్తువులకు చెల్లుతోంది. పట్టాలతో పని లేకుండా పసివాడు నేల మీద తోసుకొనే ఏటికొప్పాక చెక్కబండి మొదటిది. గాజు పలక వెనుక విద్యుత్తుతో తిరిగే నమూనా రైలు రెండవది. విశాఖ కైలాసగిరి మీద సందర్శకులను తిప్పే చిన్న బండి మూడవది. సన్నపట్టాల రైళ్లను సైతం జనం ఈ మాటతోనే పిలవడం కద్దు. ఈ మూడింటి నడుమ ఉన్న భేదాన్ని, ముఖ్యంగా ‘ప్రదర్శన’తో వాటికున్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1900 ఏప్రిల్ 1న నౌపడా నుండి పర్లాకిమిడికి రైలు మొదలైంది. పర్లాకిమిడి రాజా వేయించిన ఆ మార్గం వెడల్పు 762 మిల్లీమీటర్లు, నిడివి సుమారు 40 కిలోమీటర్లు. గిడుగు రామమూర్తి పంతులు ఆనాటికి పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులు. గ్రంథాలలోని ‘ధూమశకటం’ జనం నోట ‘పొగబండి’గా, ‘రైలు’గా నడుస్తుండగా, ఆ జనభాష పక్షాన నిలిచిన పండితుని ఊరికే ఆ బండి రావడం యాదృచ్ఛికమే గాని, తెలుగు పరిశోధకునికి ముచ్చటైన విషయం.

అదే 1900లో న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ లయొనెల్ కంపెనీని ప్రారంభించాడు. ఆ కంపెనీ తొలి రైలు ‘ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్’ పిల్లల కోసం పుట్టినది కాదు. అడుగున చిన్న మోటారు అమర్చిన, పైకప్పు లేని సరుకు పెట్టె అది. దుకాణం కిటికీలో సరుకును మోస్తూ తిరుగుతూ దారిన పోయేవారి చూపును ఆపడం దాని పని. కొనేవారు సరుకును వదిలి, తిరిగే బండినే అడగసాగారు. ప్రకటనగా వచ్చినది సరుకైంది. తరువాతి దశాబ్దాలలో ఆ కంపెనీ న్యూయార్కులోని ప్రదర్శనశాలలో కొండలు, సొరంగాలు, వంతెనలు, స్టేషన్లతో విశాలమైన నమూనా మార్గాలను నిర్మించింది.

ఆ అమరిక వెనుక ఒక వ్యాపార తర్కం ఉంది. జర్మనీలోని మార్క్‌లిన్ కంపెనీ 1891 లైప్‌జిగ్ సంతలో నిర్దిష్టమైన పట్టాల కొలతలతో, విడిభాగాలు కలుపుతూ పెంచుకోగల రైలును చూపింది. అలాంటి రైలు ఎన్నడూ పూర్తి కాదు. ఈ ఏడు ఇంజను కొన్న ఇంటికి వచ్చే ఏడు వంతెన కావాలి, ఆపై సిగ్నలు కావాలి. ప్రదర్శనశాల చూపేది ఉన్న వస్తువును కాదు, మన ఇంట ఇంకా లేనిదాన్ని.

ఏటికొప్పాక రైలుకు ఈ తర్కం వర్తించదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ గ్రామంలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. కనుక గుండ్రనివే ఈ పనికి సహజమైన ఆకారాలు. ఆవిరి ఇంజనులో బాయిలరు, పొగగొట్టం, చక్రం అన్నీ గుండ్రనివే. పలకల పెట్టె వంటి డీజిల్ ఇంజను అలా కాదు. పొగబండ్లు మాయమై ఇన్నేళ్లయినా చెక్కరైలు ఇంకా పొగగొట్టంతోనే ఉండడానికి గతంపై మమకారం కంటే లేతు స్వభావమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో సి.వి. రాజుకు పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవ శకటం ఈ బొమ్మలకు గౌరవం తెచ్చాయి. అయితే చేతికి అందేలా, నోట పెట్టుకున్నా హాని లేని సహజ రంగులతో చేసిన ఆటవస్తువు అలంకార వస్తువుగా గాజు అరలోకి చేరిపోవడం కూడా ఈ గౌరవంలో భాగమే. దీనిని మనం తగినంతగా చర్చించలేదు.

మనకు ప్రదర్శన సంప్రదాయం లేదనుకోవడం సరికాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల దిగువన ఆవాలు మొలకెత్తించిన పచ్చిక, అద్దంముక్క చెరువు, వాటి చుట్టూ తాళం చెవితో తిరిగే రేకు రైలు కొన్ని ఇళ్లలో ఉండేవి. అది కూడా నమూనా మార్గమే. అక్కడికి వచ్చేది కొనుగోలుదారు కాదు, పేరంటాలు.

మరి నౌపడా రైలును నమూనాగా నిలపవచ్చునా? ఇక్కడ కొలతలు ఆశ్చర్యకరమైన సంగతి చెబుతాయి. విరివిగా వాడే 1:87 నిష్పత్తిలో మన పెద్దపట్టాల 1676 మిల్లీమీటర్లు దాదాపు 19.3 అవుతాయి; కాని అంగడిలో దొరికే పట్టా, 1435 మిల్లీమీటర్ల పాశ్చాత్య మార్గం కోసం చేసినది కనుక, 16.5 మాత్రమే. హావ్‌డా–చెన్నై మార్గానికి అది ఇరుకు. నౌపడా మార్గపు 762 మాత్రం దాదాపు 8.8 అవుతుంది, 9 మిల్లీమీటర్ల పట్టా సిద్ధంగా దొరుకుతుంది. నిడివి సంగతి వేరు: 40 కిలోమీటర్లు ఆ నిష్పత్తిలోనూ 460 మీటర్లు. కనుక నౌపడా ఉప్పుమడులా, టెక్కలి స్టేషనా, పాతపట్నమా అన్నది ఎంచుకోవలసిందే.

గుణుపురం దాకా సాగి సుమారు 90 కిలోమీటర్లకు పెరిగిన ఆ సన్నపట్టాల మార్గం, పెద్దపట్టాలుగా మార్చడం కోసం 2004లో మూతపడింది. 1936 తరువాత రెండు రాష్ట్రాల మధ్య, రెండు భాషల మధ్య నడిచిన బండి అది. పట్టా కొలత ఇప్పటికీ లెక్కకు అందుతుంది. స్టేషను గోడ రంగు, పెట్టెలోని బల్లల అమరిక, నీళ్లతొట్టె ఎత్తు, బండి ఎక్కినవారు దానిని ఏ పేరుతో పిలిచారన్న సంగతి మాత్రం అందులో ప్రయాణించినవారిని, పనిచేసినవారిని అడిగి రాసుకోవలసినవి.