ఎదురుగాలితో వేగేదెలా?

బండి మీద వంద కిలోమీటర్లు వెళ్లి ఇల్లు చేరాక మెడ పట్టేస్తుంది. చెవుల్లో హోరు ఓ పట్టాన తగ్గదు. భోజనం చేస్తూనే కళ్లు మూతలు పడతాయి. రోడ్డు బాగాలేదనో, సీటు గట్టిగా ఉందనో అనుకుంటాం. అసలు దొంగ వేరే ఉంది... గాలి!

మధ్యాహ్నం దాటితే హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో కాలు పెట్టే చోటుండదు. ఓ పక్క సరుకు దించే లారీలు, మరో పక్క తోపుడుబళ్లు, వీపున బస్తాలతో హమాలీలు. ఆ సందడిలోనే అక్కడక్కడా ఓ మోటార్‌సైకిల్ కనిపిస్తుంది. వెనక సీటు మీద రెండు మూటలు, ట్యాంకు మీద ఓ సంచి. ఏ చౌటుప్పల్‌లోనో, షాద్‌నగర్‌లోనో చిన్న కిరాణా కొట్టు నడుపుకునే మనిషిది ఆ బండి. హోల్‌సేల్‌లో సరుకు కొనుక్కుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలని ఆయన తొందర. గంజ్‌లో ఉన్నంతసేపూ బండి పాకుతుందే తప్ప పరుగెత్తదు. చాదర్‌ఘాట్, మలక్‌పేట, ఎల్బీనగర్... అంతా ట్రాఫిక్కే. హయత్‌నగర్ దాటి యాక్సిలరేటర్ తిప్పాడో లేదో, అంతవరకూ జాడలేని గాలి గోడలా వచ్చి గుండెలకు తగులుతుంది.

ఆయనొక్కడికే కాదు. సంక్రాంతికి భార్యాబిడ్డలతో ఊరెళ్లే ఉద్యోగికైనా, స్నేహితులతో శ్రీశైలం బయల్దేరే కుర్రాడికైనా ఇదే అనుభవం. కారులో ముందు అద్దం గాలిని ఆపుతుంది. మరి బండి మీద? మన ఛాతీయే అద్దం!

బండికి ముందువైపు గాలిని చీల్చేలా అమర్చే తొడుగును ఫెయిరింగ్ అంటారు. అమెరికాలో క్రెయిగ్ వెటర్ అనే డిజైనర్ 1971లో ‘విండ్‌జామర్’ పేరుతో ఏ బండికైనా బిగించుకునే ఫెయిరింగ్‌ను అమ్మకానికి తెచ్చాడు. జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ 1976లో గాలి సొరంగంలో పరీక్షించి మరీ పూర్తి ఫెయిరింగ్‌తో ‘ఆర్100ఆర్ఎస్’ను తయారుచేసింది. మన రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్లు, షైన్లు, బుల్లెట్లకు అలాంటి తొడుగేమీ ఉండదు. హెడ్‌లైట్ చుట్టూ ఉండే చిన్న ముక్క అందానికే. వాటిని నడిపేవాళ్లకు గాలి గురించి కొన్ని సంగతులు తెలిసుండాలి.

గాలి బరువెంత?

గాలికి బరువేంటి అనుకోవద్దు. నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీ, భుజాలు, తల మీద గంటకు 60 కి.మీ. వేగంలో పడే ఒత్తిడి సుమారు ఆరు కిలోల బరువుతో సమానం. 80 కి.మీ. వేగంలో అది 11, 12 కిలోలవుతుంది. వందకు చేరితే 18 కిలోలు. మనిషి ఎత్తు, కూర్చునే తీరును బట్టి అంకెలు కాస్త మారొచ్చు. లెక్క మాత్రం మారదు. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

ఇందులో మరో తిరకాసుంది. స్పీడోమీటర్ చూపించేది రోడ్డు మీద వేగాన్నే. గంటకు 20 కి.మీ. ఎదురుగాలి వీస్తుంటే, ముల్లు 60 మీద ఉన్నా ఒంటికి తగిలేది 80 కి.మీ. గాలి. ‘పోయేటప్పుడు బాగానే ఉంది, వచ్చేటప్పుడే ఒళ్లు హూనమైంది’ అని కొందరు అంటుంటారే... కారణం ఇదే. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురు నిలిచింది.

ఆ పది పన్నెండు కిలోల బరువును గంటలకొద్దీ మోసేది మెడ, భుజాలు, చేతులు. గాలికి వెనక్కి పడిపోకుండా మనకు తెలియకుండానే హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతుంటాం. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మెడ బిగుసుకుంటుంది. అలసిన మనిషికి బ్రేకు వేయాలన్న ఆలోచన ఓ క్షణం ఆలస్యంగా వస్తుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

కాస్త వంగితే చాలు

అలాగని రేసు బండి మీద కూర్చున్నట్లు ట్యాంకు మీద పడుకోనక్కర్లేదు. నడుము దగ్గర నుంచి కొద్దిగా ముందుకు వంగితే చాలు. గాలి ఛాతీకి తిన్నగా కొట్టకుండా భుజాల మీదుగా జారిపోతుంది. అప్పుడు గాలే మన పైభాగాన్ని కాస్త మోస్తుంది కూడా. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి. మోచేతులు వదులుగా, కొంచెం వంచి ఉంచాలి. హ్యాండిల్‌ను పిచ్చుకను పట్టుకున్నట్లు పట్టుకోవాలి. ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు.

వదులు చొక్కా, బొత్తాలు పెట్టని జాకెట్ గాలికి గొడుగులా విచ్చుకుని వెనక్కి లాగుతాయి. రెక్కల్లా కొట్టుకుంటూ చికాకు పెడతాయి. ఒంటికి సరిపోయే జాకెట్ వేసుకుని మెడ, మణికట్టు, నడుము దగ్గర బిగించుకోవాలి. వానాకాలంలో పొడవాటి రెయిన్‌కోటు కన్నా చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండేది మేలు. అన్నింటికన్నా ముఖ్యం... గంటకోసారి బండి ఆపడం. విజయవాడ దారిలో అయితే చిట్యాలలో ఓసారి, సూర్యాపేటలో ఓసారి, కోదాడలో ఓసారి దిగి, మెడను అటూ ఇటూ తిప్పి, నాలుగడుగులు నడవాలి.

చెవుల్లో హోరు

హెల్మెట్ తలను కాపాడుతుంది గానీ గాలి చప్పుడును పూర్తిగా ఆపలేదు. వేగం 60 దాటాక లోపల వినిపించేది ఎక్కువగా గాలి హోరే. వంద దగ్గర అది 95-100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. వృత్తిపరమైన ఆరోగ్యాన్ని అధ్యయనం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే!

మందుల షాపుల్లో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు దీనికి చవకైన విరుగుడు. హైవే ఎక్కాక పెట్టుకుంటే హోరు తగ్గుతుంది. లారీ హారన్ మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఊళ్లోకి రాగానే తీసేయాలి. ఇయర్‌ఫోన్లలో పాటలు పెట్టుకోవడం ఇలాంటిదే అనుకునేరు... అది హోరు మీద మరో హోరు!

ఇక హెల్మెట్. వదులుగా ఉంటే గాలి కింద నుంచి దూరి పైకి లేపుతుంది. పట్టీ గడ్డాన్ని కోస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. గుర్తుతోపాటు కొలతా చూసుకోవాలి. పెట్టుకుని తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. అద్దం గీతలు పడితే మార్చేయాలి. రాత్రి ప్రయాణానికి నల్లద్దం పనికిరాదు.

లారీ చాటు... మోసం!

ఎదురుగాలి అలసిపోయేలా చేస్తుంది. పక్కగాలి పడేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు దాటి బెంగళూరు వైపు బండి నడిపినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. బెంగళూరు వెళ్లేటప్పుడు అది కుడిపక్క నుంచి, హైదరాబాద్ వచ్చేటప్పుడు ఎడమపక్క నుంచి కొడుతుంది.

వచ్చేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎందుకంటే... మనం లారీని కుడివైపు నుంచి దాటతాం. దాని పక్కకు రాగానే లారీ గాలిని ఆపేస్తుంది. అంతా ప్రశాంతం. లారీ ముందుకు వెళ్లామో లేదో ఆగిన గాలంతా ఒక్కసారిగా ఎడమ నుంచి తోస్తుంది. బండి డివైడర్ వైపు జరిగిపోతుంది. అందుకే లారీకీ మనకూ మధ్య చోటు వదలాలి. డివైడర్‌కూ ఆనుకుని పోకూడదు. దాటబోయే ముందే ఆ తోపు వస్తుందని గుర్తుంచుకోవాలి.

గాలి తోసినప్పుడు బిగుసుకుపోతే బండి ఇంకా ఊగుతుంది. గాలి ఏ పక్క నుంచి వస్తుందో ఆ పక్క హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నొక్కితే బండి అటు వాలి, గాలిని ఆనుకుని నిలబడుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన లాంటి చోట్ల, ఫ్లైఓవర్ల మీద, కొండను తొలిచిన దారి ముగిసేచోట వేగం ముందే తగ్గించుకోవాలి. వేసవి సాయంత్రాల్లో ఆకాశం నల్లబడి దుమ్ము లేచిందంటే ఈదురుగాలి వస్తున్నట్లే. అప్పుడు చెట్టు కిందో, హోర్డింగ్ కిందో ఆగకూడదు. గట్టి కప్పున్న చోటు వెతుక్కోవాలి.

ఎండకో వేషం, చలికో వేషం

మే నెలలో గాలి తగిలితే చల్లగా ఉంటుందని చొక్కా బొత్తాలు విప్పుకుని వెళ్తుంటారు కొందరు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి 42 డిగ్రీలుంటే అది ఒంటిని చల్లబరచదు, కాలుస్తుంది. చెమట పట్టినట్లే తెలియకుండా ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి. నిండు చేతుల నూలు చొక్కా, మెడకు తడి చేతిరుమాలు, ఆగిన ప్రతిచోటా నీళ్లో మజ్జిగో... ఇవీ వడగాడ్పుకు మందులు.

చలికాలంలో ఇంకో తంటా. పది డిగ్రీల చలిలో 80 కి.మీ. వేగంతో వెళ్తే ఒంటికి అది నాలుగైదు డిగ్రీల చలిలా తగులుతుంది. అప్పుడు అక్కరకొచ్చేది... మీరు చదివేసిన ఈ పేపరే! నాలుగు మడతలు వేసి చొక్కాకూ స్వెట్టర్‌కూ మధ్య ఛాతీ మీద పెట్టుకుంటే గాలి లోపలికి దూరదు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ వీరులు కూడా కొండ దిగేముందు ఇలాగే పేపరు దోపుకునేవారు.

మూటలు, చున్నీలు

ఎత్తుగా కట్టిన మూట తెరచాపతో సమానం. పక్కగాలికి బండిని ఊపేస్తుంది. బరువైనవి కిందికి, రెండు పక్కలా సమానంగా కట్టాలి. తాడు కొసలు వేలాడకూడదు.

వెనక కూర్చున్నవారి చున్నీ, చీర కొంగు గాలికి ఎగిరి చక్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వెనక చక్రానికి సగమైనా కప్పు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెప్పేది ఇందుకే. దాన్ని ఊడబీకించకండి. కొంగు నడుముకు దోపుకున్నాకే బండి కదలాలి. వెనకవాళ్లు దగ్గరగా కూర్చుంటే గాలీ తక్కువ తగులుతుంది.

అద్దం పెట్టిస్తే?

ఉస్మాన్‌గంజ్ పక్కనే పుత్లీబౌలి, గౌలిగూడల్లో టూవీలర్ విడిభాగాల దుకాణాలున్నాయి. హెడ్‌లైట్ మీద బిగించే విండ్‌షీల్డ్ కావాలంటే అలాంటిచోట అడగొచ్చు. ఛాతీకి తగిలే గాలిని అది బాగా తగ్గిస్తుంది. ఎత్తు విషయంలో తొందరపడొద్దు. మరీ పొట్టిదైతే దాని అంచు మీంచి సుడులు తిరిగిన గాలి సరిగ్గా హెల్మెట్‌కు కొడుతుంది. పెట్టకముందే నయం అనిపిస్తుంది. మరీ ఎత్తుదైతే వానలో దాని గుండా చూడాల్సి వస్తుంది. దాని పైఅంచు మన ముక్కుకు సూటిగా ఉండి, చూపు పైనుంచి వెళ్లాలి. పక్కగాలికి ఆ అద్దమూ తెరచాపేనని మరిచిపోకూడదు.

పైసా ఖర్చులేని విండ్‌షీల్డ్ మరొకటుంది. అదే వేగం తగ్గించడం. నాలుగు వరసల రహదారి మీద బైకుకు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం 80 కి.మీ. అందులోంచి 60కి దిగితే గాలి ఒత్తిడి దాదాపు సగమవుతుంది. పెట్రోలూ కలిసొస్తుంది. మరి ఆలస్యం? హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ సుమారు 30 కిలోమీటర్లు. 80తో వెళ్తే 22 నిమిషాలు చిల్లర, 60తో వెళ్తే అరగంట. తేడా ఏడెనిమిది నిమిషాలు.

గంజ్ నుంచి సరుకు కట్టుకుని వెళ్లే పెద్దమనిషి కొట్టు ఆ కాసేపట్లో మూతపడదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఆ ఏడెనిమిది నిమిషాలూ సంతోషంగా ఆగుతారు!