రాజహరా రాయిలో ఎవరి చేయి?

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచి ఆ ఉక్కు కర్మాగారం ఆకలి తీర్చినవి ప్రధానంగా దల్లీ రాజహరా గనులు. ఆ కొండల్లో మేలిమి ఖనిజం పక్కనే చారల రాయి కనిపిస్తుంది: ఉక్కు రంగులో మెరిసే హెమటైట్ చార, దాని మీద ఎర్రటి జాస్పర్ చార, మళ్లీ హెమటైట్. వందల కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మడ్డే ఇలా గట్టిపడింది. ఆ మడ్డి పేరుకోవడం వెనుక సూక్ష్మజీవులున్నాయనడానికి మంచి కారణాలే ఉన్నాయి.

ముందు ఇనుము సంగతి. 1979లో తూర్పు పసిఫిక్‌లో ఆల్విన్ జలాంతర్గామి సముద్రగర్భంలో పొగగొట్టాల్లాంటి బుగ్గలను చూసింది. వాటిలోంచి వచ్చే నీటి వేడి 350 డిగ్రీల పైమాటే. పైనున్న నీటి బరువు వల్లే అది మరగదు. ఆ నీరు రాళ్లలోని లోహాలను కరిగించి తెస్తుంది. ప్రాచీన ఇనుప రాళ్లలో యూరోపియం అనే మూలకం పాలు ఎక్కువగా ఉండటం ఇలాంటి బుగ్గలనే పట్టిస్తోంది. ఆక్సిజన్ లేని ఆనాటి సముద్రంలో ఇనుము కరిగిపోయి ఎంత దూరమైనా పోగలదు. అడుగుకు దిగాలంటే మాత్రం తుప్పు పట్టాలి.

తుప్పు పట్టించే జీవులు నేటికీ ఉన్నాయి. హవాయి దగ్గరి లోయిహీ సాగరపర్వతం మీద మారిప్రొఫండస్ అనే బ్యాక్టీరియా ఇనుము నుంచే శక్తి పొందుతుంది. చిక్కుడు గింజ ఆకారంలో ఉండే ఆ కణం తన తుప్పులో తానే కూరుకుపోకుండా పిండిపదార్థంతో సన్నని రిబ్బన్‌ను స్రవిస్తుంది. తుప్పంతా దానికే అంటుకుని మెలి తిరిగిన తాడులా మిగులుతుంది. ఇంకొన్ని జీవులకు ఆ ఉపాయం లేదు. రుణావేశమున్న వాటి గోడలకు ఇనుము అతుక్కుంటుంది, దానిపై సిలికా పూత పడుతుంది. లోపలి కణం కరిగిపోయినా రాతి అచ్చు నిలుస్తుంది.

అయితే అచ్చు కనబడితే చాలదు. కెనడాలోని నువ్వుఆగిట్టుక్‌లో కనీసం 377 కోట్ల ఏళ్ల నాటి హెమటైట్ పోగులు సూక్ష్మజీవులవేనని 2017లో ప్రకటించారు. జీవం లేకుండా రసాయనాలు కూడా అలాంటి పోగులు అల్లగలవన్న అభ్యంతరం సబబైనదే. అలాగే, పోగులు లేనంత మాత్రాన జీవం లేదనలేం: వేడి, ఒత్తిడి, వానలు పాత రాళ్ల లోపలి రూపాన్ని మార్చేస్తాయి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలే తుప్పు పట్టించి ఉంటాయన్నది మరో వాదన. కానీ సిలికా నిండిన పాతకాలపు సముద్రజలాన్ని పోలిన ద్రావణాలతో చేసిన ప్రయోగాల్లో ఆ కిరణాల పాత్ర స్వల్పమని తేలింది. ఇక మిగిలిన దారులు రెండు: ఇనుమును వెలుగులో నేరుగా తుప్పుగా మార్చే బ్యాక్టీరియా, లేదా ఇతర సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్. రెండింటిలోనూ జీవమే ఉంది. కాబట్టి ఫర్నేస్‌లో కోక్ ఇనుము నుంచి ఆక్సిజన్‌ను విడదీస్తున్నప్పుడు, బహుశా సూక్ష్మజీవులు వేసిన ముడినే విప్పుతోంది.