ఆరె, రంపెల్లో ఉన్న ఇంజనీరింగ్

వరంగల్‌లో బస్టాండు దగ్గరో, చెట్టు నీడలోనో చెప్పులు కుట్టే మనిషి పెట్టెలో నాలుగైదు పనిముట్లుంటాయి. తోలుకు బెజ్జం పొడిచి దారం లాగే ఆరె, తోలు కోసే రంపె, సుత్తె, ఇనుప దిమ్మె, సానరాయి. వీటిలో చాలావాటిని కొన్నవి కొన్నట్టు వాడరు. పనికి తగ్గట్టు అరగదీస్తారు, వంచుతారు, పిడి మారుస్తారు. ఈ మార్పులు చేయడానికి ఎంత తెలివి కావాలో చూద్దాం.

ఆరె మొన దగ్గర చిన్న గాటు ఉంటుంది. దారం చిక్కేది అక్కడే. గాటు లోతు చాలకపోతే దారం జారిపోతుంది. అంచు గరుకుగా ఉంటే దారం తెగుతుంది, తోలు చిరుగుతుంది. అందుకే సన్నటి ఆకురాయితో గాటు పెట్టి, ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. మెత్తటి తోలుకు సన్న మొన సరిపోతుంది. టైరు అట్టకు బలమైన మొన కావాలి. ఒకే మనిషి దగ్గర రెండు మూడు ఆరెలు ఉండేది ఇందుకే.

రంపెది ఇంకో లెక్క. అరిగిపోయిన పవర్ హాక్సా బ్లేడును గ్రైండరు మీద అరగదీసి మంచి రంపె చేసుకోవచ్చు. మామూలు కార్బన్ ఉక్కు రాపిడికి వేడెక్కితే రంగు మారుతుంది. సుమారు 220 డిగ్రీల దగ్గర లేత పసుపు, 300 దగ్గర నీలం. అంచు నీలం తిరిగిందంటే గట్టిదనం తగ్గినట్టే, పదును నిలవదు. కాబట్టి ఒక్క క్షణం ఆనించి తీయాలి, నీళ్లలో ముంచాలి, మళ్లీ ఆనించాలి. హైస్పీడ్ స్టీలు మాత్రం దాదాపు 600 డిగ్రీల వరకు గట్టిదనం నిలుపుకుంటుంది. అయితే బైమెటల్ బ్లేడులో పళ్ల అంచు ఒక్కటే హైస్పీడ్ స్టీలు. పళ్లు అరగదీస్తే ఆ ఉక్కు పోయి మెత్తటి వెన్ను మిగులుతుంది.

ఇదంతా లోహశాస్త్రమే. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీలో దీనికి ఒక విభాగమే ఉంది. అక్కడ నేర్చుకున్నవారికి పట్టా వస్తుంది. చేత్తో నేర్చుకున్నవారికి కులం పేరు మిగులుతుంది.

తెలంగాణ పల్లెల్లో తంగేడు చెక్కతో తోలు ఊనినవాళ్లు, మోట బొక్కెన కుట్టి పొలాలకు నీరందించినవాళ్లు మాదిగలు. మోట పోయి మోటారు వచ్చింది. బొక్కెన కుట్టిన చేతులు మోటారు రిపేరుకు మళ్లాలంటే చదువు, పెట్టుబడి, పనిముట్లు, చోటు కావాలి. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది.

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 18 వృత్తుల్లో చర్మకారుల పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, శిక్షణ రోజులకు 500 చొప్పున, రెండు విడతల్లో 3 లక్షల వరకు రుణం. ఈ డబ్బు అవసరమే. కానీ పథకం కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తుల మీద నిలబడింది. ఈ షరతును తొలగించాలని తమిళనాడు ప్రభుత్వం కోరింది. 2024 నవంబరులో, ఉన్న రూపంలో ఈ పథకాన్ని అమలు చేయబోమని చెప్పింది. మనిషిని పుట్టిన వృత్తికి కట్టేసి మారనివ్వకపోవడం వల్ల కులమే నిరుద్యోగానికి కారణమవుతోందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. తాత చేసిన పనికే కిట్టు ఇస్తామంటే ఆ వాదన ఇవాళ్టికీ వర్తిస్తుంది.

మరి ఏం అడగాలి? బెంచ్ గ్రైండరు, వైస్, డ్రిల్లు, కళ్లద్దాలు ఉన్న ఉమ్మడి వర్క్‌షాపు మన వాడల్లో కావాలి. ఐటీఐ వర్క్‌షాపులు సాయంత్రం పూట ఈ పనివారికి తెరవాలి. ఏ పనిముట్టు కొనాలో, ఏ పనిలోకి మారాలో నిర్ణయం వాళ్లదే కావాలి. ముందే నేర్చుకున్న నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. పనిముట్టు తయారీ, మరమ్మతు కూడా అందులో లెక్కకు రావాలి. ఆ సర్టిఫికెట్ ఫిట్టరు పనికో, టూల్‌రూమ్ పనికో దారి తీయాలి.

విద్యార్థులు చేయగల పని కూడా ఒకటుంది. మీ ఊళ్లో తోలుపని చేసే పెద్దవాళ్ల దగ్గర కూర్చొని ప్రతి పనిముట్టు పేరు, కొలత, చేసిన మార్పు, దాని కారణం రాసుకోండి. వాళ్లు మీకిచ్చిన సమయానికి ఆ రోజు కూలి కట్టివ్వండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరుతోనే అచ్చు వేయండి.