అన్నయ్య అల్మరా రూల్ ఎవరికీ దొరకలేదు... ఒక్కడికి తప్ప!

రెండేళ్ల కిందట అన్నయ్య పుట్టినరోజుకి ఓ గేమ్ ఇచ్చా. కొన్నది కాదు, రాత్రుళ్లు కూర్చుని నేనే చేసింది. మాదాపూర్‌లో ఓ మొబైల్ గేమ్స్ కంపెనీలో స్క్రీన్లు డిజైన్ చేయడం నా పని. బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, నొక్కితే ఏ చప్పుడు రావాలి... రోజంతా అదే గోల. ఊళ్లోవాళ్లందరికీ చేస్తున్నా, సొంత అన్నయ్యకి ఒక్కటి చేయలేనా అనుకున్నా.

అన్నయ్యకి 31. ఆటిజం ఉంది. కూకట్‌పల్లిలో నాన్న కిరాణా కొట్టు లెక్కలన్నీ తనే చూస్తాడు. టీవీలో సౌండ్ తీసేసి క్రికెట్ చూస్తూ బంతి బంతికీ స్కోరు పుస్తకంలో రాసుకుంటాడు. పదో తరగతి అయ్యాక తన కోసం మా ఇంటి గుమ్మం ఎక్కిన స్నేహితుడు లేడు. 'మేం పోయాక వీడితో మాట్లాడేదెవరే?' అని అమ్మ అప్పుడప్పుడూ అంటుంది, వంటింట్లో, నాకు మాత్రమే వినపడేలా.

నా గేమ్ ఏంటంటే... స్క్రీన్ మీద ఓ మొహం వస్తుంది. నవ్వా, కోపమా, ఏడుపా చెప్పాలి. సరిగ్గా చెబితే చప్పట్లు. పదికి పది వస్తే టపాసులు. అన్నయ్య రెండు నిమిషాలు ఆడి, ఫోన్ బోర్లా పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు టిఫిన్ దగ్గర, ఇడ్లీ వైపే చూస్తూ అన్నాడు.

"ఆ మొహం ఏడుస్తోందని నాకు తెలుసు. ఏడుస్తుంటే నేనేం చేయాలో తెలీదు. అది నీ గేమ్‌లో లేదు."

కాసేపాగి ఇంకో మాట: "నాకు పరీక్ష పెట్టావు. పుట్టినరోజునాడు."

నా మొహంలో అప్పుడున్నదేంటో నా గేమ్ కూడా చెప్పలేకపోయేది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టా. ఆటిజం, గేమ్స్ అని వెతికితే నాకు దొరికినవి ఎక్కువగా చిన్నపిల్లలవే. వాటిలోనూ పాఠాలే: కళ్లలోకి చూడు, మొహం గుర్తుపట్టు, హలో చెప్పు. ఏప్రిల్ 2న ఆటిజం దినోత్సవం పోస్టర్లలోనూ నాకు కనిపించేది పిల్లలే. పిల్లలు పెరుగుతారు కదండీ! గడ్డం గీసుకుంటారు, లెక్కలు రాస్తారు, ఆదివారం ఎవరైనా వస్తే బాగుండనుకుంటారు.

అలా చదువుతుంటే డేమియన్ మిల్టన్ తగిలారు. బ్రిటన్‌కి చెందిన సామాజిక శాస్త్రవేత్త. ఆయనకీ ఆటిజం ఉంది. 2012లో ఆయన 'డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్' అని ఓ వ్యాసం రాశారు. సారాంశం మన మాటల్లో ఇదీ: ఇద్దరి మధ్య మాట కుదరకపోతే తప్పు ఒక్కరిదే ఎలా అవుతుంది? ఆటిజం ఉన్నవాళ్లకి మనం అర్థం కానట్టే, మనకీ వాళ్లు అర్థం కావట్లేదు. లోపం మాత్రం ఒక్కవైపే రాసిపెట్టారు.

ఎడిన్‌బరాలో దీని మీద ఓ ప్రయోగం చేశారు. చిన్నప్పుడు వరుసగా కూర్చుని ఒకరి చెవిలో ఒకరు మాట చెప్పుకునేవాళ్లం చూడండి, ఇంచుమించు అదే. మొదటివాళ్లకి కథ చెబుతారు, వాళ్లు పక్కవాళ్లకి చెప్పాలి. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం, అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరుసలో కథ ఎంత చేరిందో, ఆటిజం లేనివాళ్ల వరుసలోనూ అంతే చేరింది. ఇద్దరినీ కలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. అప్పుడు పాల్గొన్నది 72 మంది. 2025లో 300 మందికి పైగా తీసుకుని మళ్లీ చేస్తే ఏ వరుసకీ పెద్ద తేడా రాలేదు. కలిపితే జారిపోతుందనేది అంత గట్టి మాట కాదని తేలింది. అయితే ఆటిజం ఉన్నవాళ్లకి మాట చేరవేయడం రాదన్నది మాత్రం రెండుసార్లూ నిలబడలేదు.

మరి గేమ్ ఎవరు చేయాలి? దీనికి జవాబు మా రంగంలో ఎప్పటినుంచో ఉంది, కో-డిజైన్ అంటాం. 1970ల మొదట్లో నార్వే ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తున్నప్పుడు, మా పనిని మార్చే యంత్రం ఎలా ఉండాలో మేమూ చెబుతామని అక్కడి లోహ కార్మికుల సంఘం ముందుకొచ్చింది. క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వాళ్లతో కలిసి పనిచేశారు. అప్పటి ఆ ఆలోచనే ఈరోజు యాప్‌ల దాకా వచ్చింది. కాలేజీలో దీని మీద పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఇంట్లో మాత్రం గుర్తు రాలేదు.

తెలిసినవాళ్ల ద్వారా కనుక్కుంటే, అన్నయ్య కాక మరో నలుగురు వస్తామన్నారు. ఇంజినీరింగ్ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయి. బేకరీలో పనిచేసే కుర్రాడు. ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన. కొడుక్కి పరీక్షలు చేయించేటప్పుడు తనకీ ఆటిజం ఉందని నలభై దాటాక తెలిసిందట. ఇంకొకావిడ నోటితో మాట్లాడరు, ట్యాబ్‌లో టైప్ చేస్తారు. ఆదివారం పది గంటలకి మా మేడ మీద గది.

మొదటి రోజు వైట్‌బోర్డు మీద 'మీకు ఎలాంటి గేమ్ కావాలి?' అని పెద్దగా రాశా. ఇరవై నిమిషాలు ఎవ్వరూ మాట్లాడలేదు. చివరికి ట్యాబ్ మీద ఓ వాక్యం వచ్చింది: 'ట్యూబ్‌లైట్ గుయ్‌మంటోంది.' లైట్ ఆపాం. అంతటితో మీటింగ్ అయిపోయింది.

రెండో వారం ప్రశ్న మానేసి ఆటలు పరిచా. ఏది నచ్చలేదో చెబితే చాలన్నా. ఇక చూడాలి! ఆన్‌లైన్ లూడోలో టైమర్ టిక్కుటిక్కు తీసెయ్యాలి. అవతలివాడు విసిరే వెక్కిరింపు ఎమోజీలు తీసెయ్యాలి. అష్టాచెమ్మాలో ఎవరి వంతో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఇష్టమే, గవ్వల గలగలే ఒకరికి భరించరానిది. బేకరీ కుర్రాడు తువ్వాలు మడిచి కింద పరిచాడు. సమస్య తీరిపోయింది.

అందరికీ నచ్చింది హనాబి అనే పేకాట లాంటి ఆట. మన చేతిలో ముక్కలు మనకి కనపడవు, ఎదుటివాళ్లకి కనిపిస్తాయి. వాళ్లు సూచన ఇవ్వాలి, అది కూడా రంగో అంకో మాత్రమే. ఇంజినీరింగ్ అమ్మాయి మాట ఇప్పటికీ నా డెస్క్ మీద అంటించుకున్నా: "ఇందులో మాట్లాడటానికి కారణం ఉంది. ఎంత మాట్లాడాలో కూడా రూల్ ఉంది."

బ్రిటన్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం గుర్తొచ్చింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కొందరు ఆరు వారాలు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడారు. తలా ఓ పాత్ర, అందరికీ ఓ లక్ష్యం, గట్టి నియమాలు. అక్కడ తాము తాములా ఉండగలిగామన్నారు వాళ్లు. 2013లో కెనడాకి చెందిన స్టువర్ట్ డంకన్ పెట్టిన 'ఆట్‌క్రాఫ్ట్' సంగతీ ఇలాంటిదే. మామూలు మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో ఏడిపిస్తున్నారని, ఆటిజం ఉన్నవాళ్లకీ వాళ్ల కుటుంబాలకీ విడిగా ఓ సర్వర్ తెరిచారు. ముందుగా అనుమతి తీసుకున్నవాళ్లకే ప్రవేశం.

మూడో నెలలో నా పరువు పోయింది. "మీకు ఈ పనికి బయట జీతం ఇస్తారు కదా, మాకేంటి?" అందా అమ్మాయి. కోపంగా కాదు, టైమ్ ఎంతైందని అడిగినట్టే. నిజమే. కో-డిజైన్ అని గొప్పగా చెప్పుకుంటూ, అయిదుగురి ఆదివారాలు ఊరికే వాడుకుంటున్నా. ఆ వారం నుంచి మనిషికి రోజుకి 500 రూపాయలు, గేమ్‌లో అందరి పేర్లూ. నా పేరు అక్షర క్రమంలో నాలుగోది.

ఆట ఐడియా అన్నయ్యది. పేరు 'అల్మరా'. ఒకరు పన్నెండు సామాన్లని తన మనసులోని ఏదో ఒక రూల్ ప్రకారం అరల్లో సర్దుతారు. రంగు కావచ్చు, ధర కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రెండోవాళ్లు కొత్త సామాను తీసుకుని 'ఇది ఇక్కడా?' అని పెడతారు. అవును, కాదు... అంతే జవాబు. అలా ఆ రూల్ కనిపెట్టాలి. టైమర్ లేదు, మార్కులు లేవు, చప్పట్లు లేవు. తాబేలు బొమ్మ నొక్కితే కారణం చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఎదుటివాళ్లు ఓడిపోరు. ఈ తాబేలు కోసం నాతో వాదించి గెలిచింది ఆ ఇద్దరు పిల్లల తండ్రి. ఆటగాడు మధ్యలో వెళ్లిపోకుండా పట్టి ఉంచడమే మా కంపెనీలో నేర్చుకున్న విద్య కదా, నాకు మింగుడుపడటానికి టైమ్ పట్టింది.

ట్యాబ్ ఆవిడకి 'అల్మరా' నచ్చలేదు. 'నాకు ఆడాలని లేదు. పక్కన కూర్చుంటే చాలు' అని టైప్ చేశారు. అందుకని 'చూస్తున్నా' అని ఓ పద్ధతి పెట్టాం. స్క్రీన్ మూలన పసుపు చుక్క వెలుగుతుంది, అంతే. నెల తర్వాత ఆవిడ రావడం మానేశారు. ఎందుకో చెప్పలేదు. తాబేలు పెట్టింది మేమే కదా, అడగలేదు. చుక్క మాత్రం ఉంచాం.

ఇక అన్నయ్య అల్మరా. మూడు ఆదివారాలు తలబద్దలు కొట్టుకున్నా. పైన దూది, తర్వాత అగరొత్తులు, మధ్యలో పప్పు డబ్బా, అడుగున స్టీలు చెంబు. ధర కాదు, బరువు కాదు, అక్షరాలు కాదు. 29 ఏళ్లు ఒకే ఇంట్లో పెరిగా, ఒక్క అర అర్థం కాలేదు. నాలుగో వారం బేకరీ కుర్రాడు అయిదు ఎత్తుల్లో పట్టేశాడు.

"కింద పడితే వచ్చే చప్పుడు కదన్నా?"

అన్నయ్య నవ్వాడు. అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. ఆ తర్వాత కిందికెళ్లి, చెంబుల కింద గుడ్డ ముక్కలు పరిచింది. ఇన్నేళ్లుగా పొద్దున్నే గిన్నెలు సర్దే టైమ్‌కి అన్నయ్య మేడ మీదకి ఎందుకెళ్తాడో మాకు అప్పుడు తెలిసింది.

'అల్మరా' ఇంకా ప్లే స్టోర్‌లో లేదు. మా ఆరు ఫోన్లలో ఉంది, ఓసారి ఆగిపోతుంది, ఓసారి పనిచేస్తుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి బేకరీ కుర్రాడి నుంచి అన్నయ్యకి ఓ అల్మరా వస్తుంది. హలో ఉండదు, ఎలా ఉన్నావు ఉండదు. అన్నయ్య కనిపెట్టి, తనదొకటి పంపి పడుకుంటాడు.

పోయిన నెల ఓ రోజు తొమ్మిదిన్నరైనా రాలేదు. అన్నయ్యకి ఫోన్ చేయడం అస్సలు ఇష్టం ఉండదు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మెసేజ్‌లే పెట్టాడు. తొమ్మిది నలభైకి తనే కాల్ చేశాడు.

"అల్మరా రాలేదు."

"కరెంట్ పోయిందన్నా. ఫోన్‌లో చార్జింగ్ రెండు శాతమే ఉంది."

"సరే. రేపు రెండు పంపు."

పెట్టేశాడు.