వీడియోకి ఎంత అడగాలి?

మన సంఘం కార్యక్రమాల్లో కలిసినప్పుడల్లా ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "ఏదో కంపెనీ వాళ్ళు మెయిలు పంపారండీ, మా ఛానల్లో వాళ్ళ సరుకు చూపించాలట, రేటు చెప్పమంటున్నారు, ఎంత చెప్పమంటారు?" అని. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో తెలుగు వంటల వీడియోలు చేస్తున్న అనుభవంతో నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

రేటు కన్నా ముందు వీసా సంగతి. హెచ్-1బి మీద ఉన్నవారు తమకు వీసా ఇప్పించిన యజమాని దగ్గర తప్ప మరోచోట సంపాదించటానికి వీల్లేదు. హెచ్-4 మీద ఉన్న భార్య లేక భర్త చేతిలో పని అనుమతి పత్రం (ఇ.ఎ.డి.) ఉంటే సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అర్హత ఉన్నవారికి ఈ సదుపాయం 2015 మే 26 నుంచి ఉంది. "మేము డబ్బు తీసుకోవట్లేదు, పచ్చళ్ళ సీసాలే కదా ఇచ్చారు" అనేవారు గమనించగలరు: వీడియో చేసినందుకు ఇచ్చిన సరుకు కూడా పన్ను లెక్కలో ఆదాయమే. గ్రీన్ కార్డు కోసం వరుసలో ఉన్నవాళ్ళు ఇలాంటి సీసాల కోసం చిక్కుల్లో పడటం ఎందుకు? ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక మాట అడగండి.

ఇక లెక్కకి వద్దాం. ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారన్నది పక్కన పెట్టండి. చివరి పది వీడియోలు తీసుకుని, ఒక్కోదాన్ని మొదటి నెలలో ఎంతమంది చూశారో వరుసగా రాసి, మధ్యలో వచ్చే అంకె తీసుకోండి. సగటు తీస్తే, ఎప్పుడో ఉగాదికి విపరీతంగా ఆడిన ఒక్క వీడియో లెక్కంతా పాడు చేస్తుంది! ఉదాహరణకి ఆ అంకె 30,000 అనుకుందాం. వెయ్యి వ్యూలకి 20 డాలర్ల చొప్పున 600 డాలర్లు. అయితే మన ఛానళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చూసేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాదు, విజయవాడల్లో ఉంటారు. ఇక్కడి కంపెనీకి వాళ్ళతో పనిలేదు. అమెరికాలో చూసేవాళ్ళు 9,000 మందే అయితే అదే రేటుకి 180 డాలర్లే వస్తుంది, అంతే ఇస్తామంటారు కూడా.

ఇక్కడే చాలామంది తలూపేస్తారు. కానీ ఆ 9,000 మంది ఎవరు? ఇండియాకి డబ్బు పంపేవాళ్ళు, ఇండియన్ స్టోర్లలో సరుకులు కొనేవాళ్ళు, వేసవిలో కుటుంబమంతటికీ విమానం టిక్కెట్లు కొనేవాళ్ళు. డబ్బు పంపే సేవల కంపెనీకి ఇలాంటివాళ్ళు ఒకేచోట దొరకటం అంత తేలిక కాదు. అలాంటి కంపెనీని వెయ్యికి 80 డాలర్లు అడగటంలో తప్పేం లేదు. 720 డాలర్లవుతుంది. అదే కంపెనీ పరుపులు అమ్మేదైతే ఈ వాదన నిలవదు.

దీనికి తోడు శ్రమ లెక్క కూడా వేసుకోవాలి. బజారు, వంట, షూటింగు, ఎడిటింగు, వాళ్ళు చెప్పే మార్పులు అన్నీ కలిపి నాకు 14 గంటలు పడుతుంది. గంటకి 50 చొప్పున 700, సరుకులకి 60, మొత్తం 760. దీనికి తగ్గితే ఆదివారం పిల్లలతో గడపటమే లాభం. అందుకని 950 అడుగుతాను, 760 దగ్గర ఆగుతాను.

ముందు వాళ్ళ బడ్జెట్ ఎంతో అడగండి. చెప్పకపోతే మీ అంకె చెప్పి ఊరుకోండి. మనకి మొహమాటం ఎక్కువ, అవతలివాళ్ళు మౌనంగా ఉంటే మనమే తగ్గించేస్తాం. "మనవాళ్ళమే కదా అన్నయ్యా" అని మొదలుపెట్టే తెలుగు వ్యాపారస్థులతో మరీ కష్టం. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: "తప్పకుండానండీ, 950కి ఒకటిన్నర నిమిషం, పైగా ఒక రీలు. రీలు వద్దనుకుంటే 800." ధర తగ్గినప్పుడు పని కూడా తగ్గాలి. ఊరికే తగ్గిస్తే మొదట చెప్పిన ధర ఉత్తదే అనుకుంటారు.

అసలు డబ్బు పోయేది ఒప్పందంలోని చిన్న అక్షరాల్లో. ఒక కంపెనీ నాకు 900 డాలర్లు ఇస్తామని పంపిన కాగితంలో నా వీడియోని ఏ మాధ్యమంలోనైనా శాశ్వతంగా వాడుకునే హక్కు రాసి ఉంది. అంటే పదేళ్ళ తర్వాత కూడా నా మొహంతో ప్రకటన వేసుకోవచ్చన్నమాట! 90 రోజులకి పరిమితం చేయమన్నాను, ఆపైన వాడితే నెలకి ఇంత అని విడిగా రాయించాను. రెండు మెయిళ్ళలో ఒప్పుకున్నారు. పోటీ కంపెనీల ప్రకటనలు ఆరు నెలలు చేయకూడదన్న షరతు కూడా ఇలాంటిదే. ఆ ఆరు నెలల్లో దసరా, దీపావళి వస్తే మీరు వదులుకునేది ఎంతో లెక్కవేసి, అది ఫీజులో కలపండి.

సగం ముందుగా అడగండి. మిగతాది ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించండి. 60, 90 రోజులన్నవాళ్ళు కూడా ఉంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2024 ఆగస్టు 28 నుంచి 800 డాలర్లు, ఆపైన విలువ చేసే ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. గడువు రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి. ఇల్లినాయిలో 2024 జూలై నుంచి 500 డాలర్లకి, కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి 250 డాలర్లకి ఇలాంటి చట్టాలే ఉన్నాయి.

చేతికొచ్చిందంతా మనది కాదు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు దాటితే మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను లెక్కలోకి వస్తుంది. కంపెనీలు 1099-ఎన్.ఇ.సి. పంపాల్సిన పరిమితి 2026 చెల్లింపుల నుంచి 600 డాలర్ల బదులు 2,000 అయింది. కాగితం రాలేదు కాబట్టి చూపించక్కర్లేదనుకోకండి, ఆదాయం ఆదాయమే. కెమెరా, లైట్ల ఖర్చుల రసీదులు దాచుకోండి.

చివరగా, డబ్బో సరుకో తీసుకున్నట్టు చూసేవాళ్ళకి చెప్పి తీరాలన్నది ఎఫ్.టి.సి. నియమం. వీడియో కింద ఎక్కడో రాస్తే చాలదు, వీడియోలోనే చెప్పాలి. అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో. మాట్లాడేది తెలుగులో, "పెయిడ్ పార్టనర్‌షిప్" అన్న రెండు ముక్కలు ఇంగ్లీషులో అంటే కుదరదు. "ఈ వీడియోకి ఫలానా కంపెనీ నాకు డబ్బిచ్చింది" అని నేను తాలింపు వేసే ముందే చెప్పేస్తాను. దానివల్ల వ్యూలు తగ్గటం ఇంతవరకు చూడలేదు.