కత్తి చేసే ముందు ఉక్కు చూసుకోండి!

"ఆడవాళ్లకు ఉక్కుతో పనేమిటమ్మా!" అన్నాడు కొట్టు యజమాని నవ్వుతూ. కూర తరిగేది, చేప కోసేది ఎవరో ఆయనకు గుర్తు రాలేదు కాబోలు! నేను మారు మాట్లాడకుండా అడిగినంతా ఇచ్చి, పది కిలోల పట్టీలు తెచ్చుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మా నాన్న కమ్మరి. చిన్నప్పుడు కొలిమితిత్తి ఊదిన చేతులే కదా అన్న ధైర్యంతో, పెరట్లో చిన్న కొలిమి పెట్టి కూరకత్తులు చేయడం మొదలెట్టాను. ఆ ఉక్కుతో పన్నెండు కత్తులు చేసి తెలిసినవాళ్లకు అమ్మాను. నెల తిరక్కుండానే ఒక్కొక్కటీ వెనక్కి రావడం మొదలైంది. "టమాటా కూడా తెగడం లేదు వదినా" అని ఎదురింటావిడ అంటే తల కొట్టేసినట్టయింది. అందరికీ డబ్బు తిరిగిచ్చేశాను. బొగ్గులు, పిడుల ఖర్చు, రెక్కల కష్టం అన్నీ నీళ్లపాలు!

లోపం నా చేతిలో లేదు, సరుకులో ఉంది. 'స్ప్రింగు ఉక్కు' అని ఆయన అంటగట్టింది మామూలు మెత్తని ఇనుము.

తేడా ఎక్కడుంది?

అంతా కార్బన్‌లో ఉంది. మెత్తని ఇనుములో అది 0.25 శాతం లోపే ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. కత్తి పదును నిలవాలంటే కనీసం 0.5 శాతం పైనే కావాలి. అందుకే కిటికీ గ్రిల్లు, ఇంటి కట్టుబడి చువ్వలు కత్తికి పనికిరావు. మన స్టీలు గిన్నెలకు వాడే 304 రకమూ అంతే, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు.

నాన్న లారీ కమాను పట్టీలతో చేసేవాడు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల పాతవి దొరుకుతాయి. చేయి తిరగడానికి అవి మంచివే. కానీ ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. ఏ రకం ఉక్కో కచ్చితంగా చెప్పేవారూ ఉండరు. డబ్బు తీసుకుని అమ్మే కత్తికి మాత్రం పేరు తెలిసిన కొత్త ఉక్కే కొనండి. ఈఎన్ 9, ఈఎన్ 45 రకాల్లో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, కొత్తవారికి ఇవి నయం. ఈఎన్ 31లో ఒక శాతం దాకా ఉన్నా, దాన్ని సరైన వేడిలో కాసేపు నిలపాలి. అది చేయి తిరిగాక చూసుకోవచ్చు.

కొట్టువాణ్ణి ఏమడగాలి?

మిషన్ విడిభాగాలు చేసేవాళ్లకు ఉక్కు అమ్మే కొట్టుకే వెళ్లండి. హైదరాబాద్‌లోనైతే బాలానగర్ వైపు విచారించండి. 'గట్టి ఉక్కు ఇవ్వండి' అనకుండా రకం పేరు చెప్పి అడగండి. బిల్లు మీద ఆ పేరు రాయించుకోండి. ఫ్యాక్టరీ ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ చూపించమనండి. అందులోని హీట్ నంబరు, పట్టీ మీద నంబరు ఒకటేనా చూసుకోండి. కూరకత్తికి రెండు, మూడు మిల్లీమీటర్ల మందం చాలు. ముందు ఒక ముక్కే కొని, సరుకు తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా అని అడగండి. ఈ మాటలకు విసుక్కునే కొట్టు మనకొద్దు!

ఇంట్లో పరీక్ష

వేలెడు ముక్క కోసి, అయస్కాంతానికి అంటుకోనంత వేడిగా, ఎర్రగా కాల్చండి. వెంటనే గోరువెచ్చని వంటనూనెలో ముంచండి. నూనె అంటుకునే ప్రమాదం ఉంది కనుక ఆరుబయట, ఇనుప పాత్రలోనే ఈ పని చేయాలి. మూత దగ్గరుంచుకోండి, మంట లేస్తే నీళ్లు మాత్రం పోయకండి. చల్లారాక ఆకురాయితో రుద్దండి. జారిపోతే మంచి ఉక్కు, కొరికితే మోసపోయినట్టే. జింకు పూత ఉన్న ముక్కను మాత్రం కాల్చొద్దు, ఆ పొగ ఒంటికి చేటు.

ఇలా గట్టిపడ్డ ఉక్కు గాజులా పెళుసు. అందుకే కత్తిని ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే పెళుసుతనం తగ్గి, పదును నిలుస్తుంది.

ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఉక్కు కోసం వాళ్లు దేశాలు దాటి వస్తే, బజారు దాకా వెళ్లి నాలుగు ప్రశ్నలడగడానికి మనకు మొహమాటమెందుకు?

మూడు కొట్లు తిరిగాక, నేనడిగిన కాగితం నవ్వకుండా తీసి చూపించిన పెద్దాయన దొరికాడు. ఇప్పుడు ఆయన దగ్గరే కొంటున్నాను. అయినా ప్రతి పట్టీ నుంచీ ఒక ముక్క కోసి పరీక్షించాకే సుత్తి పడుతున్నాను. కొత్త కత్తుల్లో మొదటిది ఎదురింటావిడకే ఇచ్చాను, డబ్బు తీసుకోకుండా. నెల తర్వాత ఆవిడే వచ్చి, వాళ్ల ఆడపడుచుకు ఇంకొకటి కావాలంది. ఈసారి డబ్బు తీసుకున్నాను!